58 మి.మీ. కాగితం మీద తెలుగు బిల్లు: అక్షరాల వెడల్పు కొలిచే ప్రాజెక్టు డైరీ

పని ఇదీ. కిరాణా కొట్టు బిల్లు తెలుగులో రావాలి. కాగితం 58 మి.మీ. థర్మల్ రోలు. అందులో ప్రింటు పడేది 48 మి.మీ., అంటే అడ్డంగా 384 డాట్లు. మిల్లీమీటరుకి 8 డాట్లు, దీన్నే 203 డీపీఐ (అంగుళానికి 203 డాట్లు) అంటారు. ఈ రకం ప్రింటర్లకి గుణింతాలూ వత్తులూ కలిపే తెలివి ఉండదు కాబట్టి ప్రతి వరసనీ నలుపు-తెలుపు బొమ్మగా గీసి పంపాలి. గీయడం పెద్ద పని కాదు. ఏ సరుకు పేరు ఎన్ని డాట్ల చోటు తింటుందో గీయకముందే ఖచ్చితంగా తెలియాలి. లేకపోతే పేరు వెళ్ళి ధర మీద ఎక్కుతుంది.

సామాను: గ్లిఫ్‌లు (ఫాంటులో ఉండే అక్షరాల బొమ్మలు) గీయడానికి ఫ్రీటైప్ అనే లైబ్రరీ, గ్లిఫ్‌లు ఎంచి అమర్చడానికి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ, ప్రోగ్రాంతో పాటే ఇచ్చే తెలుగు ఫాంటు ఫైలు ఒకటి, రెండు రోళ్ళ కాగితం, స్టీలు స్కేలు, భూతద్దం. మెషీన్లో ఉన్న ఫాంటు వాడుకుందాం అన్న ఆలోచన మొదట్లోనే పక్కన పెట్టాం. విండోస్‌లో గౌతమి ఉండొచ్చు, నిర్మలా యూఐ ఉండొచ్చు, ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు ఉంటుంది. ఒక్కోదాని వెడల్పులు ఒక్కో రకం. కొలతే పని అయినప్పుడు కొలబద్ద మారకూడదు.

రోజు 1: పాత లెక్క ఎక్కడ తప్పింది

ఇంగ్లీషు బిల్లు కోడ్‌లో వెడల్పు లెక్క ఒక్క ముక్కలో అయిపోయేది. ప్రింటర్ అక్షరం 12 డాట్లు, వరస 384, కాబట్టి వరసకి 32 అక్షరాలు. పేరుకి 16 గళ్ళు, తక్కువైతే ఖాళీలతో నింపడమే. ఆ కోడ్‌కే తెలుగు పేర్లు ఇచ్చి చూస్తే ధరల కాలమ్ మెట్లమెట్లుగా దిగింది. "ఇందులో ఎన్ని అక్షరాలు?" అని అడిగితే తెలుగులో ఒక్క జవాబు లేకపోవడమే అసలు మెలిక.

'కందిపప్పు' చూడండి. యూనికోడ్‌ని బైట్లుగా నిల్వ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో 27 బైట్లు. యూనికోడ్ సంకేతాలు 9: క, సున్నా, ద, గుడి, ప, ప, పొల్లు, ప, కొమ్ము. టెర్మినళ్ళలో వాడే పాత గళ్ళ లెక్కలో 7. ఎందుకంటే యూనికోడ్ పట్టికలో గుడి, పొల్లు చోటు తీసుకోని గుర్తులుగానూ, సున్నా, కొమ్ము చోటు తీసుకునే గుర్తులుగానూ ఉన్నాయి. దీర్ఘం కూడా చోటు తీసుకోని వాటిలోనే ఉంది. ఆ లెక్కన 'క', 'కా' ఒకే వెడల్పు, 'కు' మాత్రం రెట్టింపు! పదాన్ని అక్షరాలుగా విడగొడితే యూనికోడ్ 15.1కి ముందు నియమంతో 5 ముక్కలు: కం, ది, ప, ప్, పు. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1లో సంయుక్తాక్షరాన్ని విరవకుండా ఉంచే నియమం చేరింది. దాంతో 4: కం, ది, ప, ప్పు. బడిలో పంతులుగారు చెప్పే లెక్కా నాలుగే.

27, 9, 7, 5, 4. ఈ అయిదింటిలో ఏదీ డాట్లు కాదు. పప్పులో కాలు వేసేది సరిగ్గా ఇక్కడే: లైబ్రరీని కొత్త యూనికోడ్‌కి మార్చి, 5 కాస్తా 4 అయ్యేసరికి సమస్య తీరిందనుకుంటారు. నాలుగుని దేనితో గుణించినా వెడల్పు రాదు. 'ర' వెడల్పు వేరు, 'ఝ' వెడల్పు వేరు.

రోజు 2: ఫాంటు లోపల ఏం రాసి ఉంది

ఫాంటు ఫైలులో కొలతలు డాట్లలో ఉండవు. ఎమ్ అనే ఊహా చతురస్రాన్ని 1000 భాగాలో 2048 భాగాలో చేసి, ఆ భాగాల్లో రాస్తారు. ఆ సంఖ్య 'హెడ్' పట్టికలో దొరుకుతుంది. 'హెచ్‌ఎమ్‌టీఎక్స్' పట్టికలో ప్రతి గ్లిఫ్‌కీ అడ్వాన్స్, ఎడమ ఖాళీ అని రెండు విలువలుంటాయి. అడ్వాన్స్ అంటే ఈ గ్లిఫ్ గీశాక కలం ఎంత ముందుకు జరగాలన్న లెక్క. నలుపు ఎంత మేర పడిందన్నది వేరే సంగతి, అది 6వ రోజుకి వస్తుంది.

లెక్క సూటిగానే ఉంటుంది: అడ్వాన్స్‌ని సైజుతో గుణించి ఎమ్‌తో భాగించాలి. 1000 భాగాల ఎమ్‌లో 604 అడ్వాన్స్ ఉన్న గ్లిఫ్, 24 డాట్ల సైజులో 14.496 డాట్లు. ఈ పట్టికను సొంతంగా చదివేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. పట్టికలో అడ్వాన్స్‌ల సంఖ్య గ్లిఫ్‌ల సంఖ్య కన్నా తక్కువ ఉండొచ్చు. అప్పుడు మిగిలిన గ్లిఫ్‌లన్నిటికీ చివరి అడ్వాన్సే వర్తిస్తుంది. ఆ సంఖ్య 'హెచ్‌హెచ్‌ఈఏ' పట్టికలో ఉంటుంది. అది చూడకుండా చదివితే ఫాంటు చివర్లో ఉన్న వత్తుల వెడల్పులు చెత్తగా వస్తాయి.

సంకేతానికి ఒక గ్లిఫ్ చొప్పున తీసి, అడ్వాన్స్‌లు కూడి చూశాం. ఇంగ్లీషుకి దగ్గరగా వచ్చింది. తెలుగుకి కనీసం పోలిక కూడా లేదు. 'జామ్'లో 'మ్' వెడల్పు 'మ' వెడల్పుకి పొల్లు కలిపితే రాదు. చాలా ఫాంట్లలో 'మ్' విడి గ్లిఫ్, తలకట్టు పోయి ఆకారమే మారుతుంది. 'గి' కూడా అంతే. 'క్ష' మూడు సంకేతాలు, గ్లిఫ్ ఒకటే. 'ప్ప'లో రెండో 'ప' వత్తై కిందికి దిగుతుంది. దాని అడ్వాన్స్ సున్నా కావచ్చు, కాకపోవచ్చు, ఫాంటు గీసినవాళ్ళ ఇష్టం.

రోజు 3–4: షేపింగ్

హార్ఫ్‌బజ్ పేరుకి మూలం పారసీ: అక్షరం, తెరిచిన అన్న రెండు మాటలు కలిపి, ఓపెన్‌టైప్ అనే ఫాంటు ఫైలు పద్ధతి పేరుకి ఆ భాషలో అనువాదమన్నమాట. సంకేతాల వరస ఇస్తే గ్లిఫ్‌ల వరస తిరిగి ఇస్తుంది, షేపింగ్ అంటే ఇదే. ప్రతి గ్లిఫ్‌తో పాటు అడ్డంగా అడ్వాన్స్, అడ్డంగానూ నిలువుగానూ ఆఫ్‌సెట్, ఈ గ్లిఫ్ మూలంలో ఏ చోటు నుంచి వచ్చిందో చెప్పే క్లస్టర్ సంఖ్య వస్తాయి. 'కందిపప్పు'ని యూటీఎఫ్-8గా ఇస్తే క్లస్టర్లు 0, 6, 12, 15. అంటే బైట్ల చోట్లు: కం, ది, ప, ప్పు. పాత విభజన నియమం ఏమన్నా, వత్తు కలిసిన చోట గ్లిఫ్‌లన్నీ ఒకే క్లస్టర్ కిందికి వస్తాయి. తర్వాత పేరు విరవాల్సి వచ్చినప్పుడు చేతికి ఆసరా ఈ సంఖ్యలే.

పద్ధతి:

హార్ఫ్‌బజ్ చదువుకునే తాత్కాలిక చోటు బఫర్, అందులో వాక్యం పెట్టాలి. దిశ, లిపి, భాష మూడూ మనమే చెప్పాలి. ఊహించుకోమంటే అది బఫర్‌లో మొదట కనిపించిన లిపిని పట్టుకుంటుంది. '500 గ్రా'కి పరవాలేదు, అంకెలకి సొంత లిపి లేదు కాబట్టి తెలుగే దొరుకుతుంది. కానీ ఇంగ్లీషు బ్రాండు పేరుతో మొదలై తెలుగులో ముగిసే సరుకు పేరుని ఒకే ముక్కగా ఇస్తే మొత్తం లాటిన్ కింద జమ అయి, వత్తులు విడిపోయి నిలబడతాయి. అందుకే ముందు లిపి మారే ప్రతిచోటా వాక్యాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ విడిగా షేప్ చేసి, వెడల్పులు కూడుతున్నాం.

ఫాంటులో తెలుగుకి 'టెలు' అని పాత ట్యాగు, 'టెల్2' అని కొత్త ట్యాగు ఉంటాయి. హార్ఫ్‌బజ్ కొత్తది ఉంటే దాన్నే పట్టుకుంటుంది. పాతది మాత్రమే ఉన్న ఫాంటులో వత్తుల నియమాలు వేరే తీరులో రాసి ఉంటాయి కాబట్టి ఫాంటు ఎంచేటప్పుడే ఇది చూసుకోవాలి.

గీసేటప్పుడు గ్లిఫ్‌ని కలం ఉన్న చోటుకి ఆఫ్‌సెట్ కలిపిన చోట పెట్టాలి. తర్వాత కలాన్ని అడ్వాన్స్ మేరకే జరపాలి. ఆఫ్‌సెట్‌ని కలంలో కలపకూడదు. మొదటి ప్రింటులో ఈ తప్పే జరిగింది. లక్షణం ఏమిటంటే వత్తు లేని పేర్లు సరిగ్గా ఉంటాయి, వత్తు ఉన్న ప్రతి అక్షరం దగ్గరా తర్వాతి అక్షరం వెనక్కి వచ్చి మీద పడుతుంది. వత్తుకి ఆఫ్‌సెట్ మైనస్‌లో ఉంటుంది మరి. 'జీలకర్ర' చూస్తే చివర్లోనే వత్తు ఉంది కాబట్టి తప్పు కనిపించదు. 'ఉప్మారవ్వ' చూస్తే వెంటనే పట్టుబడుతుంది. పరీక్ష పదాల్లో వత్తు మధ్యలో ఉన్నవి తప్పనిసరిగా ఉండాలి.

రోజు 5: గుండ్రం చేయడంలో పోయే డాట్లు

14.496ని 14 చేస్తే పోయేది అర డాటు. పోనీలే అనిపిస్తుంది. అలాంటి గ్లిఫ్‌లు 20 వస్తే 9.92 డాట్లు, అంటే 1.2 మి.మీ. పైన. 48 మి.మీ. కాగితం మీద అది కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే అడ్వాన్స్‌ని ఎప్పుడూ గుండ్రం చేయకూడదు. కలం చోటుని భిన్నంగానే మోసుకెళ్ళి, గ్లిఫ్ పెట్టే క్షణంలో ఆ చోటుని మాత్రమే దగ్గరి డాటుకి సర్దాలి. అప్పుడు ఏ గ్లిఫ్ అయినా తన అసలు చోటు నుంచి అర డాటుకి మించి తప్పదు, తప్పు పోగుపడదు.

ఫ్రీటైప్ లెక్కలు 26.6 పద్ధతిలో ఉంటాయి, అంటే ఒక డాటుకి 64 భాగాలు. ఇందులో ఒక్కో గ్లిఫ్‌కి పోయేది మహా అయితే డాటులో 128వ వంతు. 40 గ్లిఫ్‌ల వరసకి కూడినా 0.3125 డాటు. అది చాలు, ఇంతకన్నా సూక్ష్మం అవసరం పడలేదు. హార్ఫ్‌బజ్‌కి కూడా స్కేలు 24 × 64, అంటే 1536 అని ఇస్తే రెండూ ఒకే భాషలో మాట్లాడతాయి. స్కేలు ఇవ్వడం మరిచిపోతే హార్ఫ్‌బజ్ ఫాంటు భాగాల్లోనే జవాబిస్తుంది, పేరు వెడల్పు 384కి బదులు వేలల్లో వస్తుంది. పెద్ద తప్పు కాబట్టి ఇది వెంటనే దొరుకుతుంది. చిన్న తప్పులే ఏడిపిస్తాయి.

ఉదాహరణకి ఇది. సైజు మొదట 9 పాయింట్లు (పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు) అని ఇచ్చాం. 9 × 203 ÷ 72 = 25.375 డాట్లు. కొలత ఒక చోట 25.375తో వచ్చింది, గీసిన బొమ్మ 25తో వచ్చింది. ఒకటిన్నర శాతం తేడా, పూర్తి వరస మీద 5.7 డాట్లు. కారణం ఫాంటు 'హెడ్' పట్టికలో ఒక జెండా (అవును-కాదు అని చెప్పే సెట్టింగు): సైజు పూర్ణాంకంగానే ఉండాలని ట్రూటైప్ ఫాంటు కోరవచ్చు. ఫ్రీటైప్ దాన్ని గౌరవించి సైజుని గుండ్రం చేస్తుంది. ఫాంటు భాగాల నుంచి సొంతంగా గుణించిన లెక్కకి ఆ సంగతి తెలియదు. అప్పటి నుంచి పాయింట్ల మాట ఎత్తడం లేదు. సైజులన్నీ నేరుగా డాట్లలో, పూర్ణాంకాల్లో: పేర్లకి 24, అంకెలకి 20, కొట్టు పేరుకి 36.

రోజు 5, సాయంత్రం: హింటింగ్

హార్ఫ్‌బజ్‌ని ఫ్రీటైప్ ఫాంటుతో ముడిపెట్టి వాడితే, అది మామూలుగా హింటింగ్ లేని అడ్వాన్స్‌లు తీసుకుంటుంది. గీసేటప్పుడు ఫ్రీటైప్‌ని మామూలు సెట్టింగుతో పిలిస్తే హింటింగ్ ఉంటుంది. అప్పుడు గ్లిఫ్ ఆకారం డాట్ల గడులకి సర్దుకుంటుంది, అడ్వాన్స్ పూర్ణ డాట్లకి మారుతుంది. కొలిచింది ఒకటి, గీసింది మరొకటి. రెండు చోట్లా ఒకే జెండాలు ఇవ్వాలి. ఇక్కడ రెండింటికీ హింటింగ్ తీసేశాం. ఒకే రంగు ప్రింటుకి హింటింగ్ ఉంటేనే గీతలు శుభ్రంగా వస్తాయనే వాదన ఉంది, ఇంగ్లీషుకి అది నిజమే. తెలుగు గుండ్రాలకి నిలువు గీతలు తక్కువ, అందువల్ల లాభం కనబడలేదు. బొమ్మని ముందు 256 బూడిద స్థాయిల్లో గీసి, ఒక గీటు పైన ఉన్నవన్నీ నలుపు చేస్తున్నాం. గీటు 128 పెడితే 20 డాట్ల సైజులో తలకట్టు సన్నగీత అక్కడక్కడా తెగింది, 100కి దించితే నిలిచింది.

ఇంకొకటి: మధ్యలో ఫాంటు సైజు మారిస్తే హార్ఫ్‌బజ్‌కి ఆ కబురు చెప్పే పిలుపు వేరేగా ఉంది. అది మరిచిపోతే కొత్త సైజు బొమ్మలకి పాత సైజు వెడల్పులు వస్తాయి. కొట్టు పేరు 36లో గీశాక పేర్లు 24కి వచ్చే మన బిల్లులో ఇది ప్రతిసారీ జరిగే పనే.

రోజు 6–7: అడ్వాన్స్ వేరు, నలుపు వేరు

అడ్వాన్స్‌ల మొత్తం 170 అని వస్తే 170 డాట్ల బొమ్మ తయారుచేసి అందులో గీశాం. కొన్ని పేర్లకి కుడి చివర కోసుకుపోయింది. కొన్నిటికి మొదటి అక్షరం ఎడమ అంచు పోయింది. గ్లిఫ్ నలుపు తన అడ్వాన్స్ దాటి బయటికి రావచ్చు. చివరి అక్షరానికి వత్తు ఉంటే, ఆ వత్తు కుడికి సాగేదైతే ('్య' చాలా ఫాంట్లలో ఇలాంటిదే) నలుపు అవతలికి పోతుంది. ర వత్తు ఇందుకు తిరకాసు, అక్షరం కింద నుంచి ఎడమకి చుట్టుకొస్తుంది. వరస మొదట్లో 'బ్రెడ్' ఉంటే వత్తు ఎడమ అంచు సున్నా కన్నా వెనక్కి వెళ్ళొచ్చు.

కాబట్టి ప్రతి ముక్కకీ రెండు కొలతలు ఉంచుతున్నాం. ఒకటి కలం ప్రయాణం, అంటే అడ్వాన్స్‌ల మొత్తం. రెండోది నలుపు పెట్టె. హార్ఫ్‌బజ్‌ని ఒక్కో గ్లిఫ్ హద్దులు అడిగి, కలం చోటూ ఆఫ్‌సెట్టూ కలిపి, అన్నిటికన్నా ఎడమది, కుడిది, పైది, కిందిది తీస్తే వస్తుంది. ఎత్తు విలువ మైనస్‌లో వస్తుంది, ఎందుకంటే దాని లెక్కలో పైకి వెళ్తే ప్లస్, పెట్టె పై అంచు నుంచి కిందికి కొలుస్తుంది. గుర్తు చూడకుండా వాడితే పెట్టె తలకిందులవుతుంది. పక్కపక్కన ముక్కలు పేర్చడానికి మొదటిది, బొమ్మ కోసుకుపోకుండా ఉండడానికి రెండోది. నడుమకి తేవాల్సిన కొట్టు పేరుకీ రెండోదే బాగుంది.

నిలువు కొలతలోనే అసలు కాగితం ఖర్చు. 'లక్ష్మి' అన్న మాట లేని కొట్టు బోర్డు అరుదు, 'క్ష' కింద 'మ' వత్తు. సరుకుల్లో 'స్ట్రాబెర్రీ జామ్' ఉంది: 'స్ట్రా'కి స కింద ట వత్తు, దానికి తోడు ర వత్తు. ఫాంటు చెప్పే అసెండర్, డిసెండర్ (ఆధార రేఖకి పైన, కింద హద్దులు) నమ్ముకుంటే రెండు రకాల దెబ్బ. ఒకే ఫాంటులో ఈ విలువలు మూడు చోట్ల ఉంటాయి: 'హెచ్‌హెచ్‌ఈఏ'లో ఒకటి, 'ఓఎస్/2'లో టైపో పేరుతో ఒకటి, విన్ పేరుతో ఒకటి. మూడూ ఒకటే కావాలని లేదు. పైగా జంట వత్తు ఆ హద్దు దాటి కిందికి పోవచ్చు. అసెండర్ డిసెండర్ కలిపి ఎమ్‌కి ఒకటిన్నర రెట్లు అనుకుంటే 24 సైజులో వరస ఎత్తు 36 డాట్లు, 4.5 మి.మీ. జంట వత్తు కోసం అందరికీ ఎత్తు పెంచితే ముప్పై సరుకుల బిల్లు దాదాపు రెండు సెంటీమీటర్లు పొడుగు పెరుగుతుంది. వరసకో ఎత్తు ఇస్తే చూడ్డానికి గతుకుల రోడ్డులా ఉంటుంది.

చివరికి చేసింది: వరస ఎత్తు 36 దగ్గరే స్థిరం. బిల్లు మొత్తానికి ఒకే పొడవాటి బొమ్మ. ప్రతి వరసనీ దాని ఆధార రేఖ దగ్గర పెట్టి, కొత్త నలుపుని ఉన్న నలుపుతో కలుపుతున్నాం, చెరిపి రాయడం లేదు. 'స్ట్రా' వత్తు కింది వరస చోటులోకి నాలుగైదు డాట్లు దిగినా, అక్కడ తలకట్టు పైన ఖాళీయే కాబట్టి తగలదు. తగిలే సందర్భాన్ని రెండు నలుపు పెట్టెలు పోల్చి పట్టుకుని, ఆ ఒక్క వరసకే అవసరమైనంత జరుపుతున్నాం.

రోజు 8: కాలమ్‌లు

స్థిరమైన కాలమ్ వెడల్పులు వదిలేశాం. బిల్లులో ఉన్న మొత్తాలన్నీ కొలిచి, వాటిలో పెద్దదే ఆ కాలమ్ వెడల్పు. ధరకీ పరిమాణానికీ అంతే. మిగిలింది పేరుకి.

ఒక లెక్క: అంకెకి 572 భాగాలు, కామాకీ చుక్కకీ 268, సైజు 20. అంకె 11.44 డాట్లు, కామా 5.36. '1,250.00'కి ఆరు అంకెలు, రెండు గుర్తులు: 68.64 + 10.72 = 79.36, పైకి సర్దితే 80. '112.50'కి 62.56, అంటే 63. పరిమాణంలో పెద్దది '500 గ్రా', కొలిస్తే 66. మధ్య ఖాళీలు మూడు, ఒక్కోటి 8. మొత్తం 233. పేరుకి మిగిలింది 151, అంటే 19 మి.మీ. లోపు. 150 కన్నా తగ్గితే పేరుని పై వరసలో పూర్తి వెడల్పుతో రాసి, లెక్కలు కింది వరసకి తెస్తున్నాం. నిజానికి 58 మి.మీ. రోలు మీద పెద్ద బిల్లులన్నీ అలాగే వస్తే చదవడం తేలిక.

అంకెలు కుడికి సర్దితే చుక్కలు ఒకే నిలువులో రావాలి. దానికి అంకెలన్నీ ఒకే వెడల్పువి కావాలి. కొన్ని ఫాంట్లలో 1 సన్నగా ఉంటుంది. షేప్ చేసేటప్పుడు 'టీనమ్' ఫీచర్ వేస్తే సమాన వెడల్పు అంకెలు వస్తాయి, ఫాంటులో ఉంటేనే. లేకపోతే పది అంకెల్లో పెద్ద వెడల్పు తీసుకుని ప్రతి అంకెనీ ఆ గడిలో మధ్యకి పెట్టుకోవాలి.

₹ గుర్తు యూనికోడ్ 6.0లో, 2010లో చేరింది. అంతకన్నా ముందు తయారైన తెలుగు ఫాంటులో అది ఉండదు. ఉండకపోతే గ్లిఫ్ సంఖ్య సున్నాగా వస్తుంది, వెడల్పు మాత్రం ఏదో ఒకటి వస్తుంది, ఖాళీ పెట్టెది. అందుకే షేప్ చేశాక సున్నా గ్లిఫ్ ఉందేమో చూసి, ఉంటే ఆ క్లస్టర్ ఒక్కటే రెండో ఫాంటుతో మళ్ళీ కొలవాలి. రెండో ఫాంటు ఎమ్ 2048 కావచ్చు. దాన్ని కూడా పొరపాటున మొదటి ఫాంటు 1000తోనే భాగిస్తే రూపాయి గుర్తు రెండింతలవుతుంది.

రోజు 9: పట్టని పేర్లు

'సోనామసూరి బియ్యం' 151లో పట్టదు. ముందు ఖాళీ దగ్గర విరిచి రెండు వరసలు చేస్తాం. ఒక్క పదమే పట్టకపోతే అక్షరాల మధ్య విరవాలి, అంటే క్లస్టర్ హద్దు దగ్గర మాత్రమే. సంకేతాల మధ్య కోస్తే 'కందిపప్పు' కాస్తా 'కందిపప్' అయి, పొల్లుతో వేలాడుతుంది. అదీ కాక 'ప్' వెడల్పు 'ప' వెడల్పు కాదు కాబట్టి పాత కొలత చెల్లదు. క్లస్టర్ హద్దు దగ్గర కోసినా సరే, రెండు ముక్కల్నీ మళ్ళీ షేప్ చేసి కొలవాలి. విరిస్తే ఆకారం మారే చోట్లకి హార్ఫ్‌బజ్ ఒక హెచ్చరిక జెండా పెడుతుంది. అది లేని చోట మాత్రం పాత కొలతలే వాడుకోవచ్చు.

జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని సంకేతం తెలుగులో చాలాచోట్ల ఉంటుంది. 'బ్రౌన్‌బ్రెడ్'లో 'న్' తర్వాత అది లేకపోతే 'బ' వత్తై కిందికి పోతుంది. దాని సంఖ్య 8204. హార్ఫ్‌బజ్ దాన్ని సున్నా వెడల్పుతో దాచేస్తుంది. మన సొంత కోడ్‌లో ఎక్కడైనా 'ఫాంటులో లేని సంకేతాలు తీసెయ్' అనే శుభ్రత పని ఉంటే ఇది ముందు బలవుతుంది, పేరు మారిపోతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదని 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది: జ, పొల్లు, ఞ, ఈ కనబడని సంకేతం, దీర్ఘం. ఈ అయిదూ వరసగా వస్తే ఐఫోన్ యాప్‌లు కూలిపోయేవి. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ఆ వరసని మన పరీక్ష పదాల్లో కూడా పెట్టాం.

'మైదా' రెండు రకాలుగా నిల్వ ఉంది. ఐత్వం ఒకే సంకేతంగా (3144), లేదా ఎత్వం, కింది గుర్తు అని రెండుగా (3142, 3158). కొలత రెండిటికీ ఒకటే వచ్చింది. కానీ కొలతల్ని పేరుతో దాచుకునే పట్టికలో రెండు వేర్వేరు సరుకులుగా చేరాయి. పేరు లోపలికి వచ్చేటప్పుడే ఎన్‌ఎఫ్‌సీ (విడి సంకేతాల్ని ఒకే సంకేతంగా కలిపే యూనికోడ్ పద్ధతి) చేస్తే తీరింది.

రోజు 10: అక్షరాల మధ్య ఖాళీ, ముద్ద అక్షరాలు

కొట్టు పేరుని కాస్త విడివిడిగా, అక్షరానికి 4 డాట్ల ఖాళీతో వేయాలన్నారు. ఖాళీని ప్రతి గ్లిఫ్ అడ్వాన్స్‌కీ కలిపితే వత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకి జరుగుతుంది. 'లక్ష్మి'లో మ వత్తు అనాథలా నిలబడింది. క్లస్టర్‌లో చివరి గ్లిఫ్‌కి మాత్రమే కలపాలి. ఆఖరి క్లస్టర్‌కి కలపకూడదు, కలిపితే నడుమకి తెచ్చిన పేరు 2 డాట్లు ఎడమకి ఒరుగుతుంది.

మొత్తం రూపాయల వరస ముద్దగా కావాలి. ఫ్రీటైప్‌లో మామూలు ఫాంటునే లావు చేసే సదుపాయం ఉంది, అది ఎమ్‌లో 24వ వంతు లావు చేస్తుంది. 24 సైజులో గ్లిఫ్‌కి 1 డాటు. అడ్వాన్స్ కూడా అంతే పెంచుతుంది, కానీ అడ్వాన్స్ సున్నా ఉన్న గ్లిఫ్‌లకి పెంచదు. హార్ఫ్‌బజ్‌కి ఈ లావు సంగతి విడిగా చెప్పకపోతే 20 గ్లిఫ్‌ల వరసకి దాదాపు 20 డాట్లు తక్కువ కొలుస్తుంది. పైగా తెలుగు అక్షరం లోపలి చిన్న సున్నాలు పూడుకుపోతాయి. అసలైన ముద్ద ఫాంటు ఫైలే రెండోదిగా చేర్చాం.

రోజు 11–12: సరిచూడటం

మొదట ప్రింటర్ని సరిచూడాలి. 200 డాట్ల నల్లగీత వేసి స్కేలుతో కొలిస్తే 25 మి.మీ. రావాలి. బొమ్మ పంపే ఆదేశం బైట్లు వరసగా 29, 118, 48, 0, తర్వాత వెడల్పు బైట్లలో, 384 ÷ 8 = 48 కాబట్టి 48, 0, ఆ తర్వాత ఎత్తుకి రెండు బైట్లు, చిన్నది ముందు. ప్రతి బైటులో పెద్ద బిట్టు ఎడమ డాటు. వెడల్పు 8తో నిశ్శేషంగా భాగం కాని బొమ్మ పంపితే ప్రతి వరసా కొంచెం కొంచెం పక్కకి జరిగి అక్షరాలు ఏటవాలుగా పడతాయి. దాన్ని వెడల్పు కొలతలో తప్పు అనుకుని వెతికితే రోజంతా పోతుంది.

తర్వాత అసలు పరీక్ష. పరీక్ష పదాలు 40: వత్తు మధ్యలో ఉన్నవి, చివర ఉన్నవి, జంట వత్తులు, పొల్లుతో ముగిసేవి, కనబడని సంకేతం ఉన్నవి, అంకెలు కలిసినవి. ఒక్కో పదాన్నీ ముందు కొలిచి నలుపు పెట్టె హద్దులు రాసుకుంటుంది ప్రోగ్రాం. తర్వాత అన్ని వైపులా 40 డాట్ల ఖాళీ ఉన్న పెద్ద బొమ్మలో గీసి, డాట్లు వెతికి అసలు హద్దులు తీస్తుంది. తేడా ఏ వైపైనా 1 డాటు మించితే తప్పినట్టే. ఈ సైజుల్లో, ఈ ఫాంటుతో 40 పదాలూ నెగ్గాయి. ఫాంటు ఫైలు చెక్‌సమ్ (ఫైలు మారితే మారే సంఖ్య), హార్ఫ్‌బజ్ వెర్షన్ ఫలితాలతో పాటే నిల్వ చేస్తున్నాం, ఏది మారినా పరీక్ష మళ్ళీ మొదటి నుంచి.

కాగితం మీద చివరి తనిఖీ కంటితోనే. ఒక్కో పదం చుట్టూ కొలిచిన పెట్టెని ఒక డాటు గీతతో గీసి ప్రింటు తీస్తే, నలుపు గీతని తాకాలి, దాటకూడదు. భూతద్దంలో 'స్ట్రాబెర్రీ జామ్' పెట్టె దగ్గర 'ర' వత్తు తోక గీతకి సరిగ్గా ఆనుకుని ఆగింది.

మిగిలినవి: 80 మి.మీ. రోలుకి 576 డాట్లు, 72 బైట్లు. కాలమ్ లెక్క మారనక్కర్లేదు, ఆ ప్రింటర్ మీద 200 డాట్ల గీత కొలవాలి. రెండు వరసల పేరులో రెండో వరసని 12 డాట్లు లోపలికి జరపాలా వద్దా అన్నది కొట్టువాళ్ళకి రెండు నమూనాలూ ఇచ్చి తేల్చాలి.